46 ఏళ్లకు నెలసరి పన్నెండు రోజులు అవుతోంది, ముట్లుడిగే ముందు ఇంతేనా?

ఆర్నెల్లుగా పన్నెండేసి రోజులు బ్లీడింగ్ అవుతోందని, మీ అమ్మగారేమో "ముట్లుడిగే ముందు అంతే, అదే ఆగిపోతుంది" అన్నారని రాశారు. ఆ మాట సగం నిజం. ఆ సగాన్ని నమ్మి నేను 44వ ఏట ఏడాదిన్నర తాత్సారం చేశాను. నేను డాక్టర్ని కాను, బ్యాంకు ఉద్యోగిని. మా ఇంట్లో జరిగింది, డాక్టర్లు చెప్పగా తెలుసుకున్నది రాస్తున్నాను.

నాకు మొదట్నుంచీ నాలుగు రోజులే. అది ఏడయింది, తర్వాత పదయింది. రెండో రోజు గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చేది. సీట్లోంచి లేచి కుర్చీ వంక చూసుకోవడం, ముదురు రంగు చీరలే కట్టడం, రాత్రి పాత దుప్పటి మడత పెట్టుకుని పడుకోవడం అన్నీ అలవాటైపోయాయి. అలవాటైంది కాబట్టి మామూలే అనుకున్నాను. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, లావయ్యాను కదా అనుకున్నాను. ఇంకో విచిత్రం, వంటకి బియ్యం తీస్తూ గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. పచ్చి బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందని చిన్నప్పుడు ఏడిపించేవాళ్లు. నా పెళ్లయి ఇరవై ఏళ్లయింది, ఇక వానేమిటని నవ్వుకున్నాను. చివరికి డాక్టరమ్మ దగ్గర ఈ సంగతి నోరుజారితే, ఆవిడ రాస్తున్న పెన్ను ఆపి నా కనురెప్ప కిందకి లాగి చూసింది. ఒంట్లో ఐరన్ తగ్గినవాళ్లకి బియ్యం, మట్టి, ఐసు ముక్కలు తినాలనిపిస్తుందట. హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది. ఆడవాళ్లకి 12 ఉండాలి.

అంతకుముందు వెళ్లిన ఆసుపత్రిలో స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచి కండలో పెరిగే గడ్డ, కనబడగానే "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీసేద్దాం, ఉంచుకుంటే క్యాన్సర్ రావచ్చు" అన్నారు. ఫైబ్రాయిడ్లు క్యాన్సర్‌గా మారడం చాలా అరుదని నాకప్పుడు తెలీదు. మన దగ్గర ఈ మాట ఎంత తేలిగ్గా వస్తుందో చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మధ్య గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, ఆంధ్రాలో దాదాపు తొమ్మిది మంది ఉన్నారు. నేను రెండో అభిప్రాయానికి వెళ్లాను. నాది చిన్న గడ్డే. ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు, గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు, అందులో ఏమీ లేదని తేలాక హార్మోన్ కాయిల్ వేశారు, అంటే కొద్దికొద్దిగా హార్మోన్ వదిలే చిన్న సాధనం గర్భసంచిలో పెట్టారు. మొదటి మూడు నెలలు మరకలు మరకలుగా అవుతూ విసుగు తెప్పించింది, ఆ తర్వాత దాదాపు ఆగిపోయింది. అందరికీ ఇదే సరిపోతుందని కాదు. మా పిన్నికి గడ్డలు బాగా పెద్దవి, ఆపరేషనే చేయాల్సి వచ్చింది, ఆవిడ ఇప్పుడు హాయిగా ఉంది.

ఇక మామూలంటే ఏమిటి? పెద్దవాళ్లలో 24 నుంచి 38 రోజులకోసారి రావడం, ఎనిమిది రోజుల లోపు ఆగడం మామూలు. మొత్తం పోయేది 30, 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలంత. 80 దాటితే ఎక్కువని పుస్తకాల లెక్క. ఎవరు కొలుస్తారు చెప్పండి! ఆ రోజుల్లో మీ పనులు ఆగిపోతుంటే ఎక్కువనే అర్థం. కొత్తగా పెద్దమనిషైన పిల్లలకి మొదటి రెండు మూడేళ్లు నెలసరి తేదీలు అటూ ఇటూ అవడం సహజం, మా అమ్మాయికి నలభై రోజులకోసారి వచ్చేది, దానంతట అదే సర్దుకుంది. అయితే చిన్నపిల్లకైనా వారం దాటి ధారగా పోతుంటే, దానికి తోడు తరచూ ముక్కులోంచి రక్తం కారుతుంటే, రక్తం గడ్డకట్టే విషయంలో లోపముందేమో చూపించాలి.

మీ వయసులో మామూలేమిటంటే తేదీలు తప్పడం. ఓ నెల ముందుకి, ఓ నెల వెనక్కి, ఒక్కోసారి రెండు నెలలు రాకపోవడం. రోజులు పెరగడం, పెద్ద పెద్ద రక్తపు గడ్డలు పడటం, రెండు నెలసరుల మధ్యలో కనబడటం, భర్తతో కలిసిన తర్వాత రక్తం రావడం ఆ లెక్కలోకి రావు.

ఆగిపోయి పూర్తిగా ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా చూపించుకోవాల్సిందే. మా అత్తయ్యకి 61. వేడి చేసిందని సబ్జా గింజలు తాగుతూ రెండు నెలలు మాకు చెప్పలేదు. లంగా ఉతుకుతుంటే నా కంటబడింది. చాలామందిలో పొర పలచబడటం వల్లో, పాలిప్ అనే చిన్న కండ పెరగడం వల్లో అవుతుందట, ఆవిడకి మాత్రం గర్భసంచి పొరలో క్యాన్సర్. మొదటి దశ కాబట్టి ఆపరేషన్‌తో సరిపోయింది. నాలుగేళ్లయింది, నిన్న కూడా కూరలో ఉప్పు తక్కువైందని నన్ను కేకలేసింది.

మీరు ఈ వారంలోనే వెళ్లండి. స్కానింగ్, రక్తపరీక్ష, థైరాయిడ్ చేయిస్తారు. ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ అంటే నొచ్చుకోకండి, 46లో కూడా అడుగుతారు. 45 దాటాయి కాబట్టి పొర పరీక్ష అవసరమా అని మీరే అడగండి. బ్లీడింగ్ తగ్గాక వెళ్దామని ఆగక్కర్లేదు, అవుతుండగానే వెళ్లొచ్చు. వరుసగా రెండు గంటలు గంటకో ప్యాడ్ తడిసి, కళ్లు తిరుగుతుంటే మాత్రం ఆ పూటే పరుగెత్తండి. అక్కడ మొదట అడిగేది తేదీలే. పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే ఏ రోజు మొదలైంది, ఎన్ని ప్యాడ్లు అయ్యాయో రాసి, ఆ పేజీ ఫోన్లో ఫోటో తీసుకెళ్లండి.