వీడియో పెట్టగానే క్రోమ్ బిగుసుకుపోతుంటే

క్యాష్ (బ్రౌజర్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) తుడిచినా వీడియో పెట్టగానే క్రోమ్ బిగుసుకుపోయి, మౌస్ బాణం మాత్రమే కదులుతోందంటే అది చాలావరకు గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ పనే, అంటే వీడియో పనిని ప్రాసెసర్‌కు బదులు గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే సెట్టింగ్. పాత డిస్‌ప్లే డ్రైవర్‌తో (గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) దానికి ఒక్కోసారి పడదు.

1. పైన కుడివైపు మూడు చుక్కలు, సెట్టింగ్స్, సిస్టమ్. అక్కడ 'యూజ్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ వెన్ అవైలబుల్' ఆఫ్ చేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: పక్కనే 'రీలాంచ్' బటన్ వస్తుంది, అది నొక్కాలి. అప్పటిదాకా మార్పు అమల్లోకి రాదు. ఇంటూ గుర్తు నొక్కి మూస్తే సరిపోదు. విండోస్‌లో క్రోమ్ వెనకాల నడుస్తూనే ఉండొచ్చు. గడియారం పక్కన దాని బొమ్మ ఉందేమో చూడండి.

3. వీడియో ఇప్పుడు బాగా ఆడితే, డ్రైవర్ అప్‌డేట్ చేసి యాక్సిలరేషన్ మళ్లీ ఆన్ చేసుకోండి. లేకపోతే భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

అప్పటికీ ఆగిపోతుంటే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సీపీయూ (ప్రాసెసర్) ఎక్కువ తింటున్న ఎక్స్‌టెన్షన్ (క్రోమ్‌కు అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రామ్) ఉంటే తీసేయండి.