వెనక చక్రం దగ్గర ఆయిల్ కారుతుంటే సీల్ కన్నా ముందు బ్రీదర్ చూడండి

మీ వ్యాన్ వెనక ఎడమ చక్రం లోపలి వైపు నల్లగా ఆయిల్ దిగుతోందని, షెడ్డులో యాక్సిల్ సీల్ (ఇరుసులోని ఆయిల్ చక్రం వైపు రాకుండా ఆపే రబ్బరు రింగ్) పోయిందన్నారని, ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా అని అడిగారు. మార్చుకోవచ్చండి. విజయవాడ సింగ్ నగర్‌లో మా ఇంటి ముందే నేను రెండుసార్లు మార్చాను, అదీ ఒకే చక్రానికి. రెండోసారి ఎందుకు మార్చాల్సి వచ్చిందో ముందు చెప్తాను. మీకు బాగా పనికొచ్చేది అదే.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు మా వ్యాన్ సీట్ల దాకా మునిగింది. మాది షామియానా సామాన్ల పని, ఆ బండే మాకు ఆధారం. నీళ్లు తీశాక ఇంజిన్ ఆయిల్ మార్పించాం, వైరింగ్ ఆరబెట్టించాం, సీట్లు ఎండలో వేశాం. వెనక ఇరుసు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాతి ఎండాకాలంలో ఎడమ టైరు లోపలి వైపు తడి కనిపించింది. సీల్ కొని మార్చేశాను. ఎడమ వైపు జాకీ మీద లేపితే ఆయిల్ కుడి వైపుకి పోతుంది కదా అని పాత ఆయిల్ దించలేదు, తగ్గింది మాత్రం పోశాను. మూడు వారాల్లో మళ్లీ అదే తడి.

ఈసారి కొత్త సీల్ కోసం, బండ్ల రిపేర్లు చేసే ఆటోనగర్ వెళ్తే అక్కడున్న పెద్ద మిస్త్రీ ఒక్కటే అడిగారు: "సీల్ మార్చావు సరే బాబూ, హౌసింగ్‌కి ఊపిరి ఆడుతోందా, చూశావా?"

ఆయన అడిగింది బ్రీదర్ గురించి. హౌసింగ్ అంటే వెనక ఇరుసుని, దాని ఆయిల్‌ని మూసి ఉంచే ఇనుప తొడుగు. దాని పైభాగంలో వేలి కణుపంత మూత ఉంటుంది, అదే బ్రీదర్. బండి నడిచేకొద్దీ లోపల ఆయిల్, గాలి వేడెక్కి వ్యాకోచిస్తాయి. ఆ గాలి బయటికి పోయే దారి అదొక్కటే. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్ సీల్ పెదవిని, అంటే దాని లోపలి మెత్తటి అంచుని, తోసుకుని బయటికి వస్తుంది. కొత్త సీల్ వేసినా అంతే. మర్నాడు సామానుతో గుంటూరు వెళ్లి వచ్చి, ఇంజిన్ ఆపిన వెంటనే ఆయిల్ పోసే ప్లగ్ కొంచెం వదులు చేశాను. బుస్సుమని గాలి వచ్చింది. బ్రీదర్ విప్పి చూస్తే దాని నిండా ఎండిన వరద బురద, గట్టి మట్టి ఉండలా. ఆయిల్ మొత్తం దించితే పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంది. అంటే ఎనిమిది నెలలుగా ఆ ఇరుసు నీళ్లు కలిసిన ఆయిల్‌లోనే తిరుగుతోంది. మా తాత ఎడ్లబండి ఇరుసుకి కందెన పెట్టకుండా ఊరు దాటేవాడు కాదు. ఇది ఆ ఇరుసు లాంటిదే, కళ్లకి కనపడదు అంతే.

అందుకే ముందు మీ బ్రీదర్ విప్పి కిరోసిన్‌లో కడిగి, నోటితో ఊది చూడండి. దాంతో పాటు కారేది ఏ ఆయిలో తేల్చుకోండి. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి గంధకం వాసన కొడుతుంది. పల్చగా ఉండి, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కూడా తగ్గుతుంటే అది వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకుని నొక్కే చిన్న సిలిండర్) లీకు, అప్పుడు యాక్సిల్ విప్పే పనే లేదు.

ఇక పని. నేల చదునుగా ఉండాలి, ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి వెళ్లకండి, ఇటుకలు అసలు వద్దు, పగిలిపోతాయి. ఇనుప స్టాండ్లు అద్దెకైనా తెచ్చుకోండి. దించే ప్లగ్ కంటే ముందు పోసే ప్లగ్ వదులవుతుందో లేదో చూసుకోండి. అది బిగుసుకుపోయి ఉంటే, ఆయిల్ దించాక మళ్లీ పోయడానికి దారి ఉండదు. చక్రం విప్పాక, హ్యాండ్‌బ్రేక్ దించి బ్రేక్ డ్రమ్ లాగండి. రాకపోతే చాలా డ్రమ్ముల మీద మర ఉన్న రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలో బోల్టులు ఎక్కించి రెండూ సమంగా బిగిస్తే డ్రమ్ తనే బయటికి వస్తుంది.

మా బండిలో షాఫ్ట్‌తో (హౌసింగ్ లోపల చక్రాన్ని తిప్పే కడ్డీతో) పాటు బ్యాక్ ప్లేట్, అంటే బ్రేకులు బిగించి ఉండే రేకు, కూడా వస్తుంది. కాబట్టి బ్రేక్ పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ముందే విప్పి, ఆ తర్వాత బ్యాక్ ప్లేట్ వెనక ఉన్న నాలుగు నట్లు తీశాను. షాఫ్ట్ లాగడానికి స్లైడ్ హ్యామర్ (కడ్డీ మీద బరువు జారించి గుంజే పనిముట్టు) లేకపోతే డ్రమ్‌ని తిరగేసి స్టడ్ల మీద పెట్టి, నట్లు నాలుగు మరలు మాత్రం ఎక్కించి, డ్రమ్‌ని మీ వైపు గట్టిగా గుంజండి. రెండు మూడు దెబ్బలకి కదులుతుంది.

పాత సీల్ తీసేముందు అది ఎంత లోతులో కూర్చుందో చూసి గుర్తుపెట్టుకోండి. దాని మీద నంబర్లు ఉంటాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం, మిల్లీమీటర్లలో. షాపుకి ఆ సీల్‌నే పట్టుకెళ్లండి. స్క్రూడ్రైవర్‌తో పెకలించేటప్పుడు హౌసింగ్ గోడకి గీత పడనివ్వకండి. షాఫ్ట్ మీద సీల్ పెదవి ఆనే చోట గోరు పెట్టి అడ్డంగా గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టే, అలాంటి షాఫ్ట్ మీద ఏ సీలూ నిలవదు.

బేరింగ్ కూడా చేత్తో తిప్పి చూడండి. మాది ఇసుక రాసినట్టు గరగరలాడింది, నీళ్లకి తుప్పు పట్టింది. బేరింగ్ ఊగితే షాఫ్ట్ ఊగుతుంది, సీల్ ఒక పక్కకి అరిగిపోతుంది. బేరింగ్ మార్చడం మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. బేరింగ్‌ని పట్టి ఉంచే రింగ్ కోసి, బేరింగ్‌ని ప్రెస్ (నొక్కే మెషిన్) మీద దించి, కొత్తది ప్రెస్ మీదే ఎక్కించాలి. షాఫ్ట్ ఆటోనగర్ తీసుకెళ్తే ప్రెస్ పని అక్కడ చేసి ఇస్తారు.

కొత్త సీల్ స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి, అంటే ఆయిల్ వైపుకి ఉండాలి. పెదవికి గ్రీజు రాసి, పాత బేరింగ్ బయటి రింగ్ లాంటిదేదైనా సరిపోయేది ఆనించి, చుట్టూ సమంగా చిన్న చిన్న దెబ్బలతో దించండి. మొదటిసారి నేను ఒక పక్కే కొట్టాను, అది కాస్త వంకరగా కూర్చుంది. షాఫ్ట్ తిరిగి పెట్టేటప్పుడు దాని బరువు రెండు చేతులతో మోయండి. చివర పళ్లు సీల్ మీద రాసుకుంటే పెదవి చిరిగిపోతుంది. మా బావమరిది టార్చి పట్టుకుని నిలబడితేనే నాకు కుదిరింది.

ఆయిల్ తాగిన బ్రేక్ షూలని కడిగి, గీకి మళ్లీ వాడమని కొందరు చెప్తారు. దయచేసి వినకండి. వెనక రెండు చక్రాలకీ కొత్తవి వేయండి. లోడ్ బండి ఒక పక్కకి లాగితే బ్యారేజీ మీద ఎదురుగా వచ్చేవాడి ప్రాణానికి కూడా ముప్పు. పైపు విప్పారు కాబట్టి బ్రేకుల్లో గాలి తీయించాలి. ఆయిల్ గ్రేడు మీ మాన్యువల్‌లో చూసి, బండి సమంగా ఉన్నప్పుడు పోసే రంధ్రం నుంచి బయటికి కారేదాకా పోస్తే మట్టం సరిపోయినట్టే.

ముందు చక్రాలకి పవర్ వెళ్లే కారైతే ఆ సీల్ గేర్‌బాక్స్ దగ్గర ఉంటుంది, పని వేరు. మీ వ్యాన్ కూడా వరదలో మునిగి ఉంటే ప్లగ్ తీసి ఆయిల్ రంగు ఈ రోజే చూడండి. తెల్లగా మారి ఉంటే ఎడమ ఒక్కటే కాదు, కుడి వైపు షాఫ్ట్ కూడా లాగి చూడాలి. మాది కుడి బేరింగ్ కూడా మార్చాల్సి వచ్చింది.