ఆ బొరిగె ముందు కింద పెట్టు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోలు కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని మరీ చూశాను. తొలకరి పడగానే చేతికొచ్చిన గింజలన్నీ కలిపి పెరడంతా చల్లేశావట. ఇప్పుడు ఏది పూలమొక్కో ఏది కలుపో తెలియక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ బొరిగె ముందు కింద పెట్టు. ఇంకో పది రోజులు దేన్నీ పీకకు. మొదట వచ్చే ఆ జత విత్తనాకుల్ని చూసి చెప్పమంటే నేనే తడబడతాను. వాటి మీద ఇంకో రెండు మూడు జతలు వస్తే అప్పుడు పోలిక తెలుస్తుంది.

ఒక్కదానికి మాత్రం ఆగక్కర్లేదు. మూడో ఫోటోలో గుంపుగా ఉన్నవన్నీ బంతి అని మురిసిపోతున్నావే, అందులో సగం వయ్యారిభామ, అదే, పార్థీనియం అనే కలుపు. చిన్నబుచ్చుకోకు, నేనూ మోసపోయినదాన్నే. ఇల్లు కట్టుకున్న కొత్తలో, దసరాకి గుమ్మానికి కట్టిన బంతి దండలు ఎండబెట్టి దాచి, వానలు పడ్డాక విప్పి చల్లాను. మొలిచినవన్నీ బంతేనని నెలన్నర పాటు పూటపూటా నీళ్లు పోశాను. తీరా చూస్తే నూకల్లాంటి తెల్ల పూలు! ఉత్త చేతులతో పీకేసరికి మోచేతుల దాకా దద్దుర్లు. ‘బంతి దండ ఎప్పుడు కడతావు’ అని మీ పెదనాన్న ఇప్పటికీ అడుగుతూ ఉంటారు.

రెండూ ఒకే కుటుంబం మొక్కలు, రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. చీలికల ఆకులు కాబట్టి పైపైన చూస్తే ఒకటే అనిపిస్తాయి. తేడా ఎలా పట్టాలంటే, వంగి మొదలు చూడు. బంతి లేతప్పటి నుంచే నిటారుగా లేస్తుంది, ఆకులు ఎదురెదురుగా జతగా వస్తాయి. వయ్యారిభామ ముందు నేలకి అతుక్కుని చుట్టూ ఆకులు పరుచుకుంటుంది, సన్నటి నూగుతో కాస్త మాసినట్టుంటుంది. అప్పటికీ అనుమానమైతే ఒక ఆకు ఎండకి ఎదురుగా పట్టి చూడు. బంతాకులో సూదితో పొడిచినట్టు వెలుగు చుక్కలు కనిపిస్తాయి, అవి నూనె తిత్తులు. నలిపితే వచ్చే ఆ ఘాటు వాసన వాటిదే. బంతి అనుకున్న ఆకునే నలుపు, రెండోదాని జోలికి పోకు. వయ్యారిభామని పూత రాకముందే, చేతికి కవరు తొడుక్కుని, వేరుతో సహా లాగెయ్.

మిగతావి ఇంత తంటా పెట్టవు. గరుకు ఆకులు, కాడ లేకుండా కొమ్మని పట్టుకున్నట్టు ఎదురెదురుగా ఉంటే జిన్నియా. నీరు నిండిన లేత కాండం, అంచులకి రంపపు పళ్లున్న ఆకులు ఉంటే కాశీతుంబ, అదే, కాయ ముట్టుకుంటే టప్పున పేలుతుందే అది. అచ్చం తోటకూరలా ఉన్నది కోడిజుట్టు పువ్వు. తోటకూర చుట్టమే కాబట్టి ఆ పోలిక. పొరపాటున వండేసినా కొంప మునగదులే, దాని అక్కచెల్లెలు గునుగుని తెలంగాణలో బతుకమ్మలోనూ పెడతారు, ఆకు కూరా చేసుకుంటారు. ఆరో ఫోటోలో విత్తనాకులు కత్తెర తెరిచినట్టు చీలి ఉన్నాయి చూడు, అది కాశీరత్నం తీగ. దాన్ని గోడవారకి మార్చి ఓ పురికొస కట్టు, లేకపోతే పక్కవాటి మెడకి చుట్టుకుంటుంది.

నల్లగా మిరియంలా ఉండే గింజలు వేశానన్నావు, అవి చంద్రకాంత. ఆ గింజలు విషం. చంటాడు నోట్లో పెట్టుకోకుండా మిగిలినవి పైన ఎక్కడైనా దాచు. తక్కిన రకాలు మిగిలి ఉంటే ఒక్కో పెరుగు కప్పులో నాలుగేసి గింజలు వేసి పైన పేరు రాసిపెట్టు. మడిలో తెలియనిదాన్ని ఆ కప్పు పక్కన పెట్టి చూసుకుంటే నాకు ఫోటో పంపే పని ఉండదు.

పోలిక తెలిశాక ఒత్తుగా ఉన్నచోట పలచన చెయ్యి. ఇక్కడే నీకు ప్రాణం ఒప్పదు, నాకూ ఒప్పేది కాదు. బంతికి అడుగు ఎడం ఉండాల్సిందే. తీసినవి పారెయ్యకు, సాయంత్రం పూట వేరు మట్టితో సహా తీసి వేరేచోట నాటు, బంతి బాగానే నిలదొక్కుకుంటుంది. నెల దాటాక బంతి తల గోటితో తుంచెయ్. పక్క కొమ్మలు వేసి బుట్టలా గుబురు కడుతుంది. ముద్దబంతి పూల గింజలే వేసినా కొన్ని రేకబంతి పూస్తాయి, గింజ మంచిది కాదని ఎవర్నీ తిట్టకు.

ఎరువు విషయంలో మీ అత్తగారి మాట వినకు. పేడ ఎరువు ఒకసారి మట్టిలో కలిపితే చాలు. యూరియా చల్లితే నడుమెత్తు ఆకు తప్ప పువ్వుండదు, కాస్మాస్ అయితే మరీను. నీళ్లు మొదట్లోనే పొయ్యి, నిలవనివ్వకు. కాశీతుంబ రెండు రోజులు నీళ్లలో నిలబడితే మొదలు కుళ్లి పడిపోతుంది. వానలు వెనకబడ్డాక జిన్నియా ఆకుల మీద తెల్ల పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. ఆ ఆకులు తుంచి దూరంగా పారేసి, మొక్కల మధ్య కాస్త గాలి ఆడేలా చెయ్యి.

ఆఖరి ఫోటోలో కుళాయి పక్కనున్నది మాత్రం నాకూ తెలియలేదు. ఆకు వెనకవైపూ, కాడ మొదలూ దగ్గరగా తీసి ఆదివారం పంపు.

మీ పెద్దమ్మ