పాత బాక్‌స్టర్ కారు సైరన్ అర్ధరాత్రి మోగుతోంది, ఖర్చు డీలర్‌దా నాదా?

ఇంగ్లండ్‌లోని రీడింగ్ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: నాలుగు నెలల క్రితం ఒక డీలర్ దగ్గర 2002 మోడల్ పోర్షే బాక్‌స్టర్ 7,500 పౌండ్లకు కొన్నాను. ప్రకటనలో "ఫ్యాక్టరీ అలారం, క్యాటగిరీ 1, బాగా పనిచేస్తోంది" అని రాశారు. ఇప్పుడది రాత్రి రెండింటికి దానంతటదే మోగుతోంది. పక్కింటివాళ్లు కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి మున్సిపాలిటీకి, ఫిర్యాదు చేస్తామంటున్నారు. మెకానిక్ సైరన్ విప్పి ఫోటో తీసి, వైరు పీకేస్తే సరిపోతుందన్నాడు. డీలరేమో పాత కారు, మాకు సంబంధం లేదంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: డీలర్ మాట విని వెనక్కి తగ్గకండి. మీరు పంపిన ఫోటోలో సైరన్ లోపలి బోర్డు మీద ఆకుపచ్చగా పేరుకున్నది బ్యాటరీ కారిన మరక. దొంగ కారు బ్యాటరీ వైరు కోసేసినా కూత ఆగకూడదని సైరన్‌లోనే ఒక చిన్న రీచార్జబుల్ బ్యాటరీ పెడతారు, ఏళ్లు గడిచేకొద్దీ అది కారి బోర్డును తినేస్తుంది. నాలుగు నెలల్లో అంత తుప్పు పట్టదు కదా, అంటే మీరు కొన్న రోజుకే లోపం ఉందని ఆ ఫోటోయే చెబుతోంది. దానికి తోడు కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 2015 ప్రకారం ఆరు నెలల్లోపు బయటపడిన లోపం అమ్మిన రోజునుంచే ఉన్నట్టు లెక్క, కాదని రుజువు చేసుకోవాల్సింది డీలరే.

పాత కారు నుంచి కొత్త కారు నాణ్యత ఆశించలేం, కారు వయసునీ ధరనీ కోర్టు చూస్తుంది, అది నిజమే. అందుకే నేనైతే నాణ్యత కన్నా ఆ ప్రకటన మీదే వాదిస్తాను. అలారం పనిచేస్తోందని రాసి అమ్మారు, పనిచేయడం లేదు. చెప్పినట్టు లేకపోవడమన్నది వేరే సెక్షన్, అక్కడ కారు వయసు డీలర్‌ను కాపాడదు. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ లేకపోతే ఈ రోజే వెతికి దాచండి.

కారు వెనక్కిచ్చి మొత్తం డబ్బు అడిగే 30 రోజుల గడువు దాటింది. ఇప్పుడు మీకున్నది ఉచితంగా రిపేరు చేయించుకునే హక్కు. కాబట్టి ముందే సొంత డబ్బుతో మార్పించేయకండి, డీలర్‌కు మెయిల్‌లో 14 రోజులు టైమివ్వండి. అతను కాదన్నా, చేసింది పనిచేయకపోయినా ధర తగ్గించమని అడగవచ్చు. అప్పటికీ దారికి రాకపోతే చివరి నోటీసు ఇచ్చి స్మాల్ క్లెయిమ్స్‌కు, అంటే చిన్న మొత్తాల దావాలు చూసే కోర్టుకు, వెళ్లండి, 10,000 పౌండ్ల వరకు అక్కడ తేలుతుంది, లాయరు అక్కర్లేదు. పాత సైరన్ మాత్రం పారేయనివ్వకండి, అదే మీ సాక్ష్యం.

ఇక ఆ వైరు పీకే సంగతి, నాకు అసలు భయం అక్కడే. ఇన్సూరెన్స్ వాళ్లు చూసే భద్రతా రేటింగ్‌లో క్యాటగిరీ 1 అంటే అలారం, ఇమ్మొబిలైజర్ (అసలు తాళం లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని పరికరం) రెండూ ఉన్నట్టు. పాలసీ తీసుకునేటప్పుడు మీరు అదే చెప్పి ఉంటారు. సైరన్ మూగబోయిన కారు పోతే క్లెయిమ్ దగ్గర గొడవ తప్పదు. జరిగిన నష్టంతో సంబంధం లేని షరతును అడ్డుపెట్టకూడదనే ఇన్సూరెన్స్ యాక్ట్ 2015 సెక్షన్ 11 వల్ల యాక్సిడెంట్ క్లెయిమ్‌ను అలారం సాకుతో ఆపడం కష్టమే, దొంగతనానికి మాత్రం ఆ రక్షణ మీకు దొరకడం కష్టం. మోత భరించలేక పీకక తప్పదంటే పీకించండి, కానీ అదే రోజు ఇన్సూరెన్స్ వాళ్లకు మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు వచ్చాక దాచుకోండి. కొత్తది వేయించేటప్పుడు కూడా సొంత బ్యాటరీ ఉన్న, అదే క్యాటగిరీకి సరిపోయే సైరనే వేయించండి, చవకలో దొరికే మామూలు సైరన్ వద్దు.

పక్కింటివాళ్లది ఉత్తి బెదిరింపు అనుకోకండి. ఇక్కడి రూల్ ప్రకారం కారు అలారం ఏకధాటిగా 5 నిమిషాలకు మించి మోగకుండా ఆగిపోవాలి. రోడ్డు మీద నిలిపిన కారు మోత న్యూసెన్స్ అని కౌన్సిల్ తేల్చి కారుకు నోటీసు అంటిస్తే, గంటలోపు మీ జాడ దొరకకపోతే వాళ్లే కారు తెరిచి అలారం ఆపవచ్చు, కారు తీసుకెళ్లవచ్చు కూడా. ఈ సాయంత్రమే పక్కింటివాళ్ల తలుపు తట్టి, రిపేరు నడుస్తోందని చెప్పి మీ ఫోన్ నంబర్ ఇచ్చి రండి.