ఏడు కోట్లు కాదు, ఏడు కోట్ల...

సందేహం: పిల్లలకు 7,39,39,133 అనే సంఖ్యను చూపించి, బోర్డు మీద అక్షరాల్లో "ఏడు కోట్లు ముప్పై తొమ్మిది లక్షలు ముప్పై తొమ్మిది వేలు వంద ముప్పై మూడు" అని రాశాను. తోటి టీచరు తప్పన్నారు. ఏది ఒప్పు? దీన్ని ప్రధాన సంఖ్య అనాలా, అవిభాజ్య సంఖ్య అనాలా? – ఒక గణిత ఉపాధ్యాయురాలు

సమాధానం: మీ తోటి టీచరు చెప్పిందే సరైనదమ్మా. "ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు" అని రాయాలి. వెనకాల ఇంకో సంఖ్య వస్తుంటే బహువచనంలోని 'లు' 'ల' అవుతుంది. పిల్లల పుస్తకం, ఊళ్ల పేర్లు అన్నప్పుడు జరిగేదీ ఇదే. వెనకాల ఏమీ లేకపోతే ఏడు కోట్లు అనే అంటాం. ఏకవచనంలో మాత్రం దీర్ఘం తీస్తాం: లక్షా ఇరవై వేలు, కోటీ పది లక్షలు.

వంద సంగతి వేరు. దాని వెనక సంఖ్య చేరగానే 'వంద' పోయి 'నూట' వస్తుంది. ఏరు 'ఏటి' అయినట్టే నూరు 'నూటి', 'నూట' అయింది. నూటికి పదిమంది అంటాం. పెళ్లిలో చదివించేవి కూడా నూట పదహార్లే, వంద పదహార్లు కావు.

మీరు ఈ సంఖ్యను ఎంచుకోవడం నాకెంతో నచ్చింది. కుడివైపు నుంచి ఒక్కో అంకె చెరిపేస్తూ రండి: 73,93,913, 7,39,391, 73,939, 7,393, 739, 73, 7. అన్నీ ప్రధాన సంఖ్యలే, అంటే 1తోనూ తమతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగం పోనివే! ఇలాంటివి మొత్తం 83 ఉన్నాయి, వాటిలో ఇదే పెద్దది. దీని చివర ఏ అంకె చేర్చినా ప్రధాన సంఖ్య రాదు. సరి అంకెలూ 5 ఎలాగూ పనికిరావు. 1 గాని 7 గాని చేరిస్తే అంకెల మొత్తం 39, 45 అవుతుంది కాబట్టి 3తో భాగం పోతుంది. 3, 9 చేర్చినా వేరే కారణాంకాలు ఉన్నాయి.

చెరిపిన ప్రతిసారీ పిల్లల చేత పైకి చదివించండి. ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షలు కాస్తా డెబ్బై మూడు లక్షల తొంభై మూడు వేలవుతుంది, ఆపైన ఏడు లక్షల ముప్పై తొమ్మిది వేలవుతుంది. రాతలో ఒక్క అంకే పోయింది. అయినా ప్రతి అంకె స్థానం ఒక మెట్టు దిగింది కనుక మాట మొత్తం మారిపోయింది. అంకెకూ సంఖ్యకూ ఉన్న తేడా పిల్లలకు అక్కడే తెలుస్తుంది. ఆ రెండు మాటలనూ పెద్దలు కూడా కలిపేస్తున్నారు, అది నాకు బాధగా ఉంటుంది.

మీ రెండో ప్రశ్నకు నా ఓటు 'ప్రధాన సంఖ్య'కే. పాఠ్యపుస్తకాల్లో ఉన్నదీ అదే. 'అవిభాజ్యం' తప్పు కాదు గాని, భాగించడానికి వీల్లేనిదని అర్థం ఇస్తుంది. ఏడు రొట్టెలను ఇద్దరికి మూడున్నర చొప్పున పంచవచ్చు కదా అని పిల్లవాడు అడిగితే, 'నిశ్శేషంగా' అనే మాట చేర్చి మళ్లీ వివరించాల్సి వస్తుంది.