ఉద్యోగం మానేసి పాపకు చెస్ నేర్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. చెస్ రేటింగ్ 1640. కోనేరు హంపి నాన్నగారిలా నేనూ ఉద్యోగం మానేసి, పాపను బడి మాన్పించి పూర్తిగా ఆటలో పెడదామనుకుంటున్నాను. మీరేమంటారు?

జవాబు: తొందరపడకండి. హంపి అనగానే తల్లిదండ్రులకు ముందు గుర్తొచ్చేది ఆమె నాన్న అశోక్ గారు కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఉద్యోగం వదులుకున్న సంగతే. ఆయన స్వయంగా పోటీల్లో ఆడిన మనిషన్న సంగతి మాత్రం మరిచిపోతారు. కూతురికి ఆయనే కోచ్. మీరు పాపకు ఎండ్‌గేమ్, అంటే బోర్డు మీద కొద్ది పావులే మిగిలాక ఆడే ఆట, నేర్పగలరా? లేదంటే రేపు కోచ్ ఫీజుకి, టోర్నమెంట్ ప్రయాణాలకి అక్కరకొచ్చేది మీ జీతమే.

ఫలితాలు కూడా చూడండి. గుడివాడలో పుట్టిన హంపి 1997లో పదేళ్లలోపు, 1998లో పన్నెండేళ్లలోపు, 2000లో పద్నాలుగేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిళ్లు గెలిచింది. 2002లో పదిహేనేళ్ల ఒక నెలకు గ్రాండ్‌మాస్టర్ అయి, అతి చిన్న వయసులో ఆ టైటిల్ అందుకున్న మహిళగా హంగరీ క్రీడాకారిణి జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును మూడు నెలల తేడాతో దాటింది. అది మహిళలకు విడిగా ఇచ్చే టైటిల్ కాదండీ. మహిళలకు విడిగా ఇచ్చే డబ్ల్యూజీఎం (ఉమన్ గ్రాండ్‌మాస్టర్)కి నార్మ్‌లతో పాటు 2300 రేటింగ్ ఉంటే చాలు. నార్మ్ అంటే ఒక టోర్నమెంట్‌లో ఆ టైటిల్ స్థాయి ఆట కనబరచడం. పూర్తి జీఎం (గ్రాండ్‌మాస్టర్)కి మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా 2500 రేటింగ్, మూడు నార్మ్‌లు కావాలి. మన దేశంలో ఆ టైటిల్ అందుకున్న తొలి మహిళ ఆమె. 1640 నుంచి అక్కడికి చాలా దూరం. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు, ఎన్నేళ్ల పనో లెక్క వేసుకుంటారని.

నాకు ఆమె కెరీర్‌లో ఇంకా ఇష్టమైనది తర్వాతి భాగం. 2011లో అల్బేనియాలోని తిరానాలో మహిళల ప్రపంచ టైటిల్ మ్యాచ్ చైనా క్రీడాకారిణి హౌ యీఫాన్ చేతిలో ఓడిపోయింది. 2017లో ఆమెకు పాప పుట్టింది, రెండేళ్లు ఆటకు దూరమైంది. తిరిగొచ్చి 2019లో మాస్కోలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగించే చెస్) టైటిల్ గెలిచింది. 2024లో న్యూయార్క్‌లో మళ్లీ గెలిచింది, అప్పటికి ముప్పై ఏడేళ్లు. వెనకాల ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీలో ఉద్యోగం ఉంది. రైల్వేలు, చమురు సంస్థలు క్రీడా కోటాలో చెస్ ఆటగాళ్లను తీసుకుంటాయి. ఆ దారిలో డిగ్రీ కూడా పనికొస్తుంది, అందుకే బడి మాన్పించవద్దంటున్నాను. హాజరు విషయంలో హెడ్‌మాస్టర్‌తో మాట్లాడండి. చాలామంది ఒప్పుకుంటారు.

ఈలోగా ఒకటి గమనించండి. ఓడిపోయిన రోజు మీ పాప ఎత్తులు రాసుకున్న స్కోర్ షీట్‌ను బ్యాగులో కుక్కేస్తోందా, ఇంటికొచ్చి బోర్డు పరిచి ఆ ఎత్తులు మళ్లీ వేసుకుంటోందా? మీరు అడగకుండానే, ఇంజిన్ (ఎత్తులు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టకుండా, "ఇక్కడ ఏనుగును కదపకుండా ఉండాల్సింది" అని తనే పట్టుకుంటోందా? ఆరు నెలలు చూడండి. అలా చేస్తుంటే, మీ జీతంతో మంచి కోచ్‌ను పెట్టి, వేసవి సెలవుల్లో నాలుగైదు రేటెడ్ టోర్నమెంట్లు ఆడించండి. ఆ స్కోర్ షీట్లన్నీ పట్టుకుని పాపతో కలిసి నా దగ్గరికి రండి, అప్పుడు బడి సంగతి మాట్లాడుకుందాం.