కౌన్సెలర్ మీద కోపంతో మానేశాను, మళ్లీ వెళ్లాలా?

ప్రశ్న: మాది కడప. నాకు 31 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ ఇంటిపనికి కువైట్ పోయింది. పిన్ని దగ్గర పెరిగాను. చిన్నాన్న తాగొచ్చి బెల్టుతో కొట్టేవాడు, గదిలో వేసి గడియ పెట్టేవాడు. ఇప్పుడు మా ఆయన గొంతు పెంచితే చాలు, నాకు మాట రాదు. ఫోన్ ఎత్తకపోతే ఊపిరాడదు. పాప మీద ఊరికే అరుస్తాను. ఒక కౌన్సెలర్ దగ్గరికి రెండు నెలలు వెళ్లి కాస్త తేరుకున్నాను. ఒక శనివారం పోతే తాళం వేసి ఉంది. ముందు చెప్పలేదు. అంతే, మానేశాను. బెల్టు సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు, చెప్పక తప్పదా? ‘ఎప్పుడో అయిపోయినదానికి ఇప్పుడేంది’ అంటారు మా ఆయన. ఉత్త మాటలతో ఇది నయమవుతుందా?

జవాబు: వెళ్లండమ్మా, కనీసం ఒక్కసారి. కూర్చోగానే ఆ శనివారం సంగతే ఎత్తండి. ‘చెప్పకుండా తాళం వేశారు, ఒళ్లు మండింది, ఇక రాకూడదనుకున్నాను’ అని ఉన్నదున్నట్టు అనేయండి.

చెప్పకపోవడం ఆమె తప్పే, అందులో సందేహం లేదు. అయితే నమ్ముకున్న మనిషి ఉన్నట్టుండి కనబడకుండా పోవడం మీకు ఆరేళ్ల వయసు నుంచీ తెలిసిన బాధ. అప్పుడు ‘నన్నెందుకు వదిలిపోయావు’ అని నిలదీసే వీలు లేకపోయింది. ఇప్పుడుంది. మీ గాయం మనుషుల వల్ల అయింది కాబట్టి అలక, అనుమానం, భయం అన్నీ కౌన్సెలర్ దగ్గరా బయటపడతాయి. ఈ తరహా చికిత్సలో మీ ఇద్దరి మధ్య నడిచేదీ చికిత్సే. కోపం చూపించినా అవతలి మనిషి కొట్టలేదు, వదిలి పోలేదు అన్న అనుభవం మీకు ఒకటికి పదిసార్లు దక్కాలి. ఉత్త మాటలంటున్నారే, వాటి పని అదే.

‘నిజమే, ముందే చెప్పి ఉండాల్సింది’ అని ఒప్పుకుని, ఆ రోజు మీకెలా అనిపించిందో అడిగితే ఆమె దగ్గరే కొనసాగండి. ‘ఇంత చిన్నదానికా’ అని కొట్టిపారేస్తే వేరేవాళ్లను చూసుకోండి. బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్ట్ అని ఉంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఈ వృత్తివాళ్లను నమోదు చేసుకునే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి.

మీ ఆయనకు ఇది చెప్పండి. గడియ పెట్టిన గదిలో చిన్నపిల్ల పారిపోలేదు, ఎదురు తిరగలేదు. బిగుసుకుపోయి నోరెత్తకుండా ఉండటమే అప్పుడు కాపాడింది. పెద్ద గొంతు వినబడగానే మీరు ఆలోచించేలోపే ఒళ్లు ఇప్పటికీ ఆ పనే చేస్తోంది. మీరు కావాలని చేసేది కాదు, పిరికితనమూ కాదు.

బెల్టు సంగతి ఇప్పుడే చెప్పనక్కర్లేదు. అమెరికన్ మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ఇలాంటి గాయాలు మానడాన్ని మూడు దశలుగా వివరించారు: ముందు భద్రత, తర్వాత జరిగింది తలుచుకుని దుఃఖపడటం, ఆపైన మళ్లీ నలుగురిలో కలవడం. వరసగా మెట్లెక్కినట్టు సాగదు, వెనక్కీ ముందుకీ పోతుంటుంది. మీరింకా మొదటిదాంట్లోనే ఉన్నారు. కంటినిండా నిద్ర పట్టడం, ఊపిరి నెమ్మదించడం ప్రస్తుతానికి పెద్ద పనులే. ఎప్పుడైనా చెబుతూ చెబుతూ చేతులు చల్లబడితే ‘ఇవాళ్టికి చాలు’ అనండి. ఆమె వెంటనే ఆగాలి. మీరు వద్దంటే ఆగే మనిషి చిన్నప్పుడు ఆ ఇంట్లో లేరు.

అమ్మ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మన కడప వైపు కువైట్ డబ్బుతో లేచిన ఇళ్లు ఎన్నో. పోయినవాళ్ల కష్టం అందరూ చెప్పుకుంటారు. ఇక్కడ మిగిలిన పిల్లల్ని మాత్రం ‘నీకేం తక్కువ, నెలనెలా డబ్బొస్తోందిగా’ అంటారు. నాకు ఈ మాట వింటే చిరాకు. ఆమె కష్టం నిజం, మీకు జరిగిందీ నిజం. కోపం ఉంటే ఉండనివ్వండి. తొందరపడి క్షమించాల్సిన పని లేదు.

ఇంట్లో మీ ఆయన్ని ఒక్కటే అడగండి: ఆలస్యమైతే ఒక మెసేజ్, ఫోన్ ఎత్తలేకపోతే ఎన్నింటికి చేస్తారో ఒక మాట. అంతకు మించి ఆయన్ని వైద్యుణ్ణి చేయొద్దు. పాప మీద అరిస్తే కాసేపాగి దగ్గరికి తీసుకుని ‘అమ్మకు టెన్షన్ వచ్చి అరిచింది, నీ తప్పేం లేదు’ అని చెప్పండి.

రాత్రుళ్లు అసలు నిద్ర పట్టకపోయినా, చనిపోవాలనిపించినా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మీ ఊళ్లో రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవొచ్చు. మందులు రాస్తే అవి వాడుతూ కూడా కౌన్సెలింగ్‌కు వెళ్లొచ్చు.

చిన్నాన్న ఇప్పుడు ఉన్నారో లేరో మీరు రాయలేదు. ఉంటే పెళ్లిళ్లలో ఎదురుపడినప్పుడు పలకరించి తీరాలని లేదు. పాపను మాత్రం ఆ ఇంట్లో ఒక్క పూట కూడా ఒంటరిగా వదలకండి, పిన్ని ఏమనుకున్నా సరే.